నీ అంకె ఎంత, వదినా?

కుట్టు ఫ్యాక్టరీ కటింగు హాలు,
భోజనాల వేళ

వదినకి,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటావు, మాట అక్కడితో తెగిపోతుంది. పోనీ ఫోను చేద్దామా అంటే మొన్నటిలాగే ఇద్దరం చెరో పక్కన ఏడ్చి పెట్టేస్తాం. అన్నయ్య పోయి ఏడాది దాటినా మన ఫోను సంగతి మారలేదు. అందుకే ఈ ఉత్తరం. ఇందులో ఏడ్చినా నీకు వినపడదు.

సంగతేమిటంటే, నేను పరుగు మొదలుపెట్టాను. ముందు నవ్వడం ఆపు. అన్నయ్య పోయిన రోజు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "తోడబుట్టినవాళ్లు గుండె విషయంలో జాగ్రత్తగా ఉండాలమ్మా, ఒళ్లు కదిలించండి" అన్నాడు కదా. నువ్వూ నేనూ కలిసి మొదలుపెడదామని అప్పుడే అనుకున్నాం. నేనైతే ప్రతి వారమూ "వచ్చే సోమవారం నుంచి" అనుకుంటూ ఏడాది గడిపాను. చూసి చూసి మా ఆయన ఒక జత బూట్లూ, చేతికి పెట్టుకునే వాచీ ఒకటీ కొని తెచ్చాడు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ వాచీ చూపిస్తుందట. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

పార్కులో మొదటి మలుపు తిరిగానో లేదో, వాచీ కీచుమని మొత్తుకుంది. చూస్తే నూట డెబ్భై ఆరు. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. చేతికర్రతో నడుస్తున్న పెద్దాయన ఒకాయన నన్ను దాటుతూ, "మొదటి రోజా అమ్మా?" అని అడిగి సాగిపోయాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ నిజం చెప్పాలంటే సిగ్గు కన్నా భయం ఎక్కువైంది. అన్నయ్యకి కూడా లోపల ఇలాగే కొట్టుకునేదేమో, మనకి చూపించే వాచీ లేక తెలియలేదేమో అనిపించింది.

నువ్వు మొదలుపెట్టావా? పెడితే నీ అంకె ఎంత?

నీ మరదలు


డ్రైవింగ్ స్కూలు కారు,
ఎడమ సీటు

మరదలు పిల్లకి,

నలభై ఎనిమిదేళ్లు వచ్చాక కూడా నిన్ను పిల్ల అని పిలిచేదాన్ని నేనొక్కదాన్నే. అనుభవించు.

ఈ ఉత్తరం కారులో కూర్చుని రాస్తున్నాను. నా దగ్గర ఇప్పుడొక లెక్కల టీచరు నేర్చుకుంటోంది. రిటైరయ్యాక కారు మీద మోజు పుట్టింది ఆవిడకి. మలుపు వస్తోందని తెలియగానే కళ్లు మూసుకుంటుంది. నా కాలి కింద రెండో బ్రేకు లేకపోతే ఈపాటికి ఈ ఊళ్లో సగం గోడలు కూలిపోయేవి. ఇవాళ ఇంకా రాలేదు. ఆలస్యమైతే అదే పదివేలు.

నేనూ మొదలుపెట్టాను. నెల కావస్తోంది. సాయంత్రం క్లాసులు అయ్యాక ఇంటికి వెళ్లి తాళం తీస్తే లోపల చప్పుడు ఉండదు. ఆ గంటని ఎక్కడో ఒకచోట పారబోసి రావాలని కాలవ గట్టు మీద పరుగెత్తుతున్నాను. పరుగంటే పరుగు కూడా కాదు, బస్సు వెళ్లిపోతుందేమో అన్నట్టు వేసే అడుగులు.

నా అంకె అడిగావుగా. నేనూ ఒక వాచీ కొనుక్కున్నాను. నూట పన్నెండు. ఎంత ఆయాసపడినా అది దాటదు. యాభై మూడేళ్ల ముసలిదాన్ని, నీకన్నా పది కిలోలు ఎక్కువదాన్ని, నా గుండె మాత్రం పడుచు పిల్లది. కుళ్లుకో.

ఇక అసలు మాట. నువ్వు ఏ పని మొదలుపెట్టినా ఇల్లు అంటుకున్నట్టు మొదలుపెడతావు. మెల్లగా వెళ్లు. పక్కన మనిషి ఉంటే వాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా. మాట తెగుతోందంటే నడువు, ఊపిరి కుదురుకున్నాక మళ్లీ పరుగెత్తు. ఆ వాచీని మరీ అంత నమ్ముకోకు. టీచరుగారు వస్తోంది, ఉంటాను.

నీ వదిన


కటింగు హాలు,
బట్ట చుట్టల పక్క

వదినకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. మెల్లగా అంటే ఎంత మెల్లగానో చెబితే నువ్వు నమ్మవు. నిన్న నా ముందు ఒక భార్యా భర్తా పోట్లాడుకుంటూ నడుస్తున్నారు. వాళ్ల గొడవ మొదటి నుంచి చివరి దాకా విన్నాను, అంత మెల్లగా పరుగెత్తాను. అయినా నూట అరవై ఐదు. పార్కు గేటు దాకా గబగబా వెళ్తే నూట డెబ్భై ఎనిమిది.

మా అమ్మాయి కంప్యూటరులో చూసి లెక్క కట్టింది. రెండువందల ఇరవైలోంచి మన వయసు తీసేస్తే వచ్చేది గుండెకి హద్దట. అంటే నాకు నూట డెబ్భై రెండు. అది దాటితే ఏమవుతుందని అడిగాను. "ఏమీ అవదు, అది ఊరికే లెక్క" అంది. అంటూ నా మొహంలోకి చూడలేదు. దాని మేనమామ మీద దానికి ఎంత ప్రాణమో నీకు తెలుసు.

ఇప్పుడు నాకు పరుగులోనే కాదు, పనిలో కూడా అదే ధ్యాస. స్కూలు పిల్లల యూనిఫారాల సీజను కదా, బట్ట అరవై పొరలు పరిచి ఒక్కసారే కోస్తాం. మిషను చేత్తో పట్టుకుని కాలరు వంపు తిప్పుతున్నప్పుడు చూపు వాచీ మీదకి పోతోంది. నిన్న వంపు జారింది. అరవై కాలర్లు చెత్తబుట్టలోకి పోయాయి. కటింగు మాస్టరు చూసి, "ఒంట్లో బాగా లేదా అమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నువ్వు నాకన్నా అయిదేళ్లు పెద్ద. నీకు నూట పన్నెండు, నాకు నూట డెబ్భై ఎనిమిది. నువ్వు బయటి నుంచి వచ్చిన మనిషివి, నేను అన్నయ్యకి తోడబుట్టిన దాన్ని. ఇందులో తెలియనిదేముంది?

ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఇన్నాళ్లూ అడిగే ధైర్యం లేకపోయింది. చివర్లో అన్నయ్య ఏమైనా అన్నాడా? ఆయాసమనో, దడ అనో?

నీ మరదలు


ఇల్లు,
వంటింటి బల్ల

మరదలు పిల్లకి,

నువ్వు అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను.

మా మెట్లు నీకు తెలుసుగా, మూడంతస్తులు. పోయే ముందు నెల రోజులూ మీ అన్నయ్య రెండో అంతస్తు మలుపులో ఆగేవాడు. అక్కడి కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడేవాడు. "ఏముంది అక్కడ?" అంటే, "ఆ ఎదురింటివాళ్లు కారు ఎంత వంకరగా పెట్టారో చూడు, నీ శిష్యులేనా?" అనేవాడు. నేను నవ్వేదాన్ని. కూర్చుని ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ ఛాతీ రాసుకునేవాడు. అడిగితే తిన్నది అరగలేదన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందని ఒకసారి అన్నాడు. ఆఫీసులో బరువు ఎత్తానన్నాడు. మాట మాటకీ ఒక జవాబు సిద్ధంగా ఉండేది మనిషికి. ఇంతే. ఇంతకు మించి నాకు తెలిసింది ఏమీ లేదు.

ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు చెప్పు. నీకు ఛాతీలో నొప్పి ఉందా? బరువు పెట్టినట్టు ఉందా? కళ్లు తిరుగుతున్నాయా? ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసం వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నాకు జవాబు రాయకు, ఆ క్షణమే మీ ఆయన్ని వెంటబెట్టుకుని హాస్పిటల్‌కి వెళ్లు. ఏదీ లేకపోయినా ఒకసారి వెళ్లు. తోడబుట్టినవాడు అలా పోయాక పరుగు మొదలుపెట్టేవాళ్లు ముందు గుండె చూపించుకోవాలి. మనం అది చెయ్యకుండానే బూట్లు కట్టేశాం. మెషీను మీద నడిపించి చూస్తారు, అదేమంత పెద్ద పని కాదు.

నా అంకె సంగతి వదిలెయ్యి. దానితో నీకు పని లేదు.

నీ వదిన


ఇల్లు

వదినకి,

నొప్పి లేదు. కళ్లు తిరగడం లేదు. ఆయాసం పరుగెత్తితేనే. నువ్వు అడిగినవాటికి జవాబులు అయిపోయాయి.

హాస్పిటల్‌కి వెళ్లను. వెళ్తే వాళ్లు ఏదో ఒకటి చెబుతారు. చెప్పాక నేను రోగిని అయిపోతాను. ఇప్పుడు నేను కేవలం భయపడుతున్న మనిషిని, అంతే. నాకు ఇదే నయం.

పరుగు మానేశాను. వాచీ తీసి గుండీల డబ్బాలో పడేశాను. మాస్టరు ఈ సీజను తర్వాత రిటైరవుతున్నాడు. ఆయన కటింగు బల్ల నన్ను చూసుకోమని యజమాని కబురు పంపాడు. ఇరవై ఏళ్లుగా నేను కన్న కల అది, నీకు తెలుసు. వద్దన్నాను. రేపో మాపో ఖాళీ చేసే బల్ల ఎందుకు? మా ఆయనకి కూర వండడం నేర్పిస్తున్నాను. ఆయన ఉప్పు వేయడం మర్చిపోతాడు, నేను అరుస్తాను, తర్వాత బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడుస్తాను.

మెల్లగా వెళ్లు, మాట్లాడుతూ వెళ్లు అని రాయడం తేలిక. నూట పన్నెండు ఉన్నదానివి, నీకేం తెలుస్తుంది వదినా? మా అన్నయ్య నీకు మొగుడు మాత్రమే. నాకు రక్తం.

కొన్నాళ్లు రాయకు.


డ్రైవింగ్ స్కూలు,
ఆఫీసు గది

మరదలు పిల్లకి,

రాయకు అన్నావు. ఎప్పుడు విన్నాను గనక నీ మాట?

"మొగుడు మాత్రమే" అన్న ముక్క దగ్గర ఉత్తరం మడిచి పెట్టేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. కోపం వచ్చింది. ఆ తర్వాత, ఆ మాట నీ చేత అనిపించింది నేనేనని తెలిసింది. అందుకే రాస్తున్నాను.

ఆ నూట పన్నెండు నాది కాదు. మాత్రది.

మీ అన్నయ్య పోయిన నాలుగు నెలలకి, ఒకరోజు కారులో ఉండగా నా గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది. నేను కూర్చునే ఉన్నాను, అది మాత్రం నన్ను వదిలేసి వెళ్లిపోతున్నట్టు ఉంది. నడుపుతున్నావిడ ఎలా నడుపుతోందో కూడా తెలియలేదు. రెండో బ్రేకు తొక్కి కారు ఆపేశాను. పాపం ఆవిడ తనేం తప్పు చేసిందోనని ఏడుపు మొహం పెట్టింది. నీ తప్పు కాదమ్మా అని చెప్పడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. అలా మూడు నాలుగుసార్లు వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇది మీ అన్నయ్యకి వచ్చిన జబ్బు కాదన్నారు. గుండె లోపల కరెంటు తీగల్లాంటివి ఉంటాయట, నాకు ఒకచోట అదనపు తీగ ఉందట, ఒక్కోసారి కరెంటు దారి తప్పి అందులో గిర్రున తిరుగుతుందట. గుండె వేగాన్ని పట్టి ఉంచే మాత్ర ఇచ్చారు. పరుగు సంగతి అడిగితే, "మెల్లగా అయితే ఫరవాలేదు. కానీ వాచీ చూడకండి. ఆ అంకె మీది కాదు, మాత్రది. మాట్లాడుతూ పరుగెత్తగలుగుతున్నారా లేదా, అదొక్కటే చూసుకోండి" అన్నారు. నీకు నేను రాసిన సలహా ఆయనదే. సలహా పంపి, దాని పక్కనున్న సంగతి పంపలేదు.

అంకె ఎందుకు రాశానంటే, గొప్పకి. నువ్వు నీ నూట డెబ్భై ఆరు గురించి రాసిన ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాను. నిన్ను ఉడికించాలనిపించింది, మీ అన్నయ్య ఉన్నప్పుడు ముగ్గురం కూర్చుని ఉడికించుకున్నట్టు. మాత్ర సంగతి ఎందుకు రాయలేదంటే, నువ్వు అప్పటికే ఒకరిని పోగొట్టుకున్నావు. వదిన గుండె కూడా కాచుకుని కూర్చునే పని నీకు పెట్టడం ఇష్టం లేకపోయింది. దాస్తే నీకు మేలు చేసినట్టే అనుకున్నాను. దాచిన అంకె పట్టుకుని నువ్వు నిన్ను నువ్వు కొలుచుకుంటావని నాకు తట్టలేదు. ఒకరి కొలతలు పెట్టి ఇంకొకరికి కోటు కత్తిరించే మనిషివా నువ్వు? నా విషయంలో మాత్రం అలాగే చేశావు, ఎందుకంటే నేను తప్పుడు కొలత పంపుతానని నువ్వు కలలో కూడా అనుకోవు.

మీ అమ్మాయి కట్టిన లెక్క కూడా డాక్టరుని అడిగాను. అది వేల మంది మీద తీసిన సగటు మాత్రమేనట. అదే వయసులో ఒకరికి పది ఎక్కువ, ఇంకొకరికి పదిహేను తక్కువ ఉండొచ్చట. అలవాటు లేని ఒంటికి మొదట్లో ఇంకా ఎగిరిపడుతుందట. అయితే, మీ అన్నయ్య సంగతి చెప్పగానే ఆయన ముందు అన్న మాట, "ఆవిడని వెంటనే పరీక్ష చేయించుకోమనండి" అని.

వెళ్లు. నీ కోసం కాదు, మీ ఆయన కోసం కాదు. నా కోసం వెళ్లు. నన్ను వదినా అని పిలిచేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే ఉన్నావు.

నీ వదిన


ఇల్లు,
వసారా

వదినకి,

మా ఆయన నీ ఉత్తరం చదివాడు. నేనే ఇచ్చాను. చదివి, "పద" అన్నాడు.

ఒంటి నిండా తీగలు అంటించి మెషీను మీద నడిపించారు. దాని వేగం పెంచుతూ పోయారు. పక్కన నర్సు నిలబడి, "మాట్లాడండి, ఏదో ఒకటి మాట్లాడండి" అంటే, ఏం మాట్లాడాలో తెలియక కాలరు ఎలా కత్తిరిస్తారో మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. నూట ఎనభై నాలుగు దాకా వెళ్లింది. నూట ఎనభై నాలుగు, వదినా. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి డాక్టరు కాగితాలు తిప్పుతూ మామూలుగా కూర్చుని ఉంది. "మీ గుండె వేగానికి పైహద్దు అదేనమ్మా, కొందరికి అలాగే ఉంటుంది" అంది. స్కానింగులో కూడా గుండె గోడలు బాగున్నాయి, కవాటాలు బాగున్నాయి. రక్తంలో కొవ్వు కొంచెం ఎక్కువ ఉంది, దానికి మందు రాసింది, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంది. పరుగు ఆపొద్దు, కాసేపు నడక, కాసేపు పరుగు, తొందర వద్దు అంది.

బయటికి వచ్చి ఏడ్చాను. మా ఆయన సంతోషంతో అనుకున్నాడు. కాదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను ఇది. ఇన్నాళ్లూ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా అక్కడ అన్నయ్య ఉన్నట్టు ఉండేది. భయమే అయినా, వాడిదే కదా అనుకునేదాన్ని. ఈ డాక్టరమ్మ కాగితాలు చూసి, ఇక్కడ ఆయనది ఏమీ లేదమ్మా అని చెప్పినట్టయింది. అప్పుడు మళ్లీ పోయాడు వాడు. ఈసారి నాకు నమ్మకం కుదిరింది.

నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. మాత్ర దాచినందుకు కాదు. ఆ హాస్పిటల్ వరండాలో ఒక్కదానివే కూర్చున్నందుకు. చేతిలో బ్యాగు పట్టుకుని, పేరు పిలిస్తే లేచి, మళ్లీ ఒక్కదానివే ఇంటికి వచ్చి మూడంతస్తులు ఎక్కినందుకు. "మొగుడు మాత్రమే" అన్నాను చూడు, ఆ నోరు నాదేనా అనిపిస్తోంది.

మాస్టరు బల్ల తీసుకుంటానని యజమానికి చెప్పాను. ఆయన ఇంకా ఎవరికీ ఇవ్వలేదట.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుండె వేగం పట్టి ఉంచే మాత్ర ఇచ్చారని రాశావు. ఆ తర్వాత ఏం చెయ్యాలన్నారో రాయలేదు. నీ సంగతి నాకు తెలుసు, ఇంకా ఏదో మిగిలే ఉంది. రాయి.

నీ మరదలు


ఇల్లు,
వంటింటి బల్ల

మరదలు పిల్లకి,

మిగిలి ఉంది.

మాత్ర ఎల్లకాలం పట్టి ఉంచదట. తొడలోంచి సన్నని గొట్టం పంపి, ఆ అదనపు తీగ ఉన్నచోట చిన్నగా కాలుస్తారట. కత్తి కోత లేదు, ఒక్క పూట పని, మర్నాడు ఇంటికి పంపేస్తారు. ఈ మాట వాళ్లు చెప్పి ఆరు నెలలైంది. నేనే వాయిదా వేస్తూ వస్తున్నాను. క్లాసులున్నాయని ఒకసారి, ఊళ్లో ఉండనని ఒకసారి. నిజానికి కారణం చాలా చిన్నది. రోజు ఖాయం చెయ్యడానికి వెళ్లినప్పుడల్లా నర్సు ఒకే ప్రశ్న అడుగుతుంది, "మీతో ఎవరొస్తారు?" అని. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కాగితాలు సర్దుకుని లేచేదాన్ని. పక్కింటివాళ్లు అని చెప్పొచ్చు, స్కూలు గుమస్తా అని చెప్పొచ్చు. అలా చెప్పాక ఇంటికి వచ్చి ఎలా ఉండాలో తెలియక వెనక్కి వచ్చేసేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే క్లాసు వదిలేసి హాస్పిటల్‌కి వెళ్లాను. వచ్చే నెల మొదటి గురువారానికి ఖాయం చేశాను. నర్సు ఎప్పటిలాగే అడిగింది.

"మా మరదలు వస్తుంది" అన్నాను.

"మరదలంటే?"

"మా ఆయన చెల్లెలు."

ఆవిడ కొంచెం ఇబ్బందిగా నా వైపు చూసింది. "మీ ఆయన పోయారని చెప్పినట్టు గుర్తు" అంది.

"ఆయన పోయాడమ్మా" అన్నాను. "నా మరదలు ఉంది."

నీ వదిన